లీవు దొరికింది

ముత్తన్నకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచ్చు. డేంజర్ వచ్చు, ఎగ్జిట్ వచ్చు, ఓవర్‌టైం వచ్చు. అన్నిటికంటే బాగా లీవ్ వచ్చు. అక్షరాలు కూడబలుక్కుని కాదు, ఆకారం చూసి చదువుతాడు. బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో, ఏసీ గాలి పోయే రేకు డక్టులు చేసే వర్క్‌షాపులో ఆయన హెల్పరు. రేకు మడవడం, యాంగిల్ బిగించడం ఆయన పని. అందుకని ఎల్ అనే అక్షరం ఆయనకు యాంగిల్ ముక్క, వీ అనేది రేకులో పడ్డ గాడి. మొదట యాంగిలుండి, వెనక గాడి ఉంటే అది లీవ్. ఆఫీసు కిటికీ దగ్గర ఎన్ని కాగితాలు పడి ఉన్నా అందులో లీవు కాగితం ఏదో దూరం నుంచే చెప్పేస్తాడు.

లీవంటే ఏమిటో ఇంటి పట్టున ఉన్నవాళ్ళకు తెలియదు, అందుకని చెబుతున్నాను. లీవంటే సెలవు కాదు. శుక్రవారం డ్యూటీ లేక పడుకుంటే దాన్ని ఛుట్టీ అంటారు. లీవంటే ఇంటికి పోవడం. తాడు కట్టిన అట్టపెట్టె, కొత్త చొక్కా, విమానం, ఇంటిముందు ఆగే ఆటో, ఇదంతా కలిపి లీవు. లీవు మీద పోయినవాడు మళ్ళీ వస్తాడు. క్యాన్సిల్ మీద పోయినవాడు రాడు, వాడి వీసా కొట్టేస్తారు, వాడి మంచం ఇంకొకడికి ఇస్తారు. కూలీల క్యాంపులో మనిషికి మనసులో ఎప్పుడూ తిరిగేవి ఈ రెండు మాటలే. లీవు రావాలి, క్యాన్సిల్ కాకూడదు.

జగిత్యాల అవతల ఒక పల్లెలో ముత్తన్న భార్య చిన్నవ్వ ఉంటుంది. కూతురు జమున ఉండేది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. లీవు మీద వచ్చిన తండ్రి మళ్ళీ బయల్దేరేటప్పుడు, తను కొరికి తినగా మిగిలిన పల్లిపట్టి ముక్కను ఆయన బ్యాగులో బట్టల కింద దాచేది. బహ్రెయిన్‌లో బ్యాగు విప్పితే అది దొరికేది. పంటిగాట్లతో సహా దాన్ని తినేవాడు ముత్తన్న. ఇంత పెద్ద మీసాలు పెట్టుకుని అట్లా కూర్చుని తింటుంటే రూములో వాళ్ళు నవ్వేవాళ్ళు.

జమున ఏడో తరగతిలో ఉండగా జ్వరం పట్టుకుంది. ఊళ్ళో సూదిమందు వేయించారు, తగ్గలేదు. కరీంనగర్ తీసుకుపోయారు. ముత్తన్న సూపర్‌వైజర్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. లీవు ఇప్పుడు కుదరదు, ఈ ప్రాజెక్టు ఖలాస్ అయ్యాక చూద్దాం, మరీ తొందరైతే క్యాన్సిల్ మీద పో అన్నాడు సూపర్‌వైజర్. అరవలేదు, తిట్టలేదు, చాయ్ తాగుతూ చెప్పాడు. ముత్తన్న బయటికొచ్చి నీడలో నిలబడి ఆలోచించాడు. క్యాన్సిల్ అంటే వీసా పోతుంది, మంచం పోతుంది. జ్వరమే కదా, రెండు రోజుల్లో దిగుతుంది అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఫోన్‌లో జమున అడిగింది. "బాపూ, లీవు దొరికిందా?"

"దొరికింది బిడ్డా, వస్తున్న," అన్నాడు.

పిల్లకు ధైర్యం చెప్పాలని ఆడిన అబద్ధం. తండ్రులందరూ ఆడేదే. అయితే ఆ పిల్ల దాన్ని గట్టిగా నమ్మింది. ఆసుపత్రి గది తలుపు ఎవరు తీసినా బాపు వచ్చాడేమోనని తల తిప్పి చూసిందట. డాక్టరు వచ్చినా చూసిందట, ఊడ్చే ఆమె వచ్చినా చూసిందట. అట్లా చూస్తూనే పోయింది. అప్పుడు లీవు మంజూరైంది. జ్వరానికి ఇవ్వరు గానీ చావుకు ఇస్తారు.

ఆయన వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. వాకిట్లో అడుగుపెట్టిన మనిషిని చిన్నవ్వ ఒక్క మాట అడిగింది. "దొరికిందంటివి గద?" ముత్తన్నకు కంట్లో నీళ్ళు రాలేదు. రేకు మనిషిలా నిలబడ్డాడు, ఊరంతా చూసింది. అంతే, చిన్నవ్వ ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది, బ్యాగు సర్దింది. నోరు విప్పలేదు.

బహ్రెయిన్ తిరిగొచ్చాక ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. చిన్నవ్వ ఎత్తుతుంది. ఎత్తి, కిటికీ గూట్లో పెట్టి, తన పని తాను చేసుకుంటుంది. ఈయన ఇక్కడినుంచి మాట్లాడతాడు. ఎండ గురించి, మోకాలి నొప్పి గురించి, కొత్తగా వచ్చిన నేపాలీ వంటవాడి గురించి చెబుతాడు. అవతల కోళ్ళు అరుస్తాయి, గిన్నె చప్పుడవుతుంది, చీపురు నేలమీద రాస్తుంది. కాసేపు విని, "పెడుత మరి," అని పెట్టేస్తాడు.

"ఇయ్యాలన్న మాట్లాడిందా కాకా?" అని అడుగుతారు రూములో వాళ్ళు.

"మాట్లాడుతది," అంటాడు ముత్తన్న.

ఆ మనిషికి ఇక ఈ లోకంలో కావలసింది అదొక్కటే. చిన్నవ్వ ఒక్కసారి నోరు తెరవాలి. తిట్టినా సరే. రూము మొత్తానికి ఈ సంగతి తెలుసు. అందరికంటే బాగా లక్ష్మణ్‌కు తెలుసు.

లక్ష్మణ్‌ది నిర్మల్ వైపు. ఇంటర్ తప్పి వచ్చాడు. చురుకైనవాడు, మాటకారి, పది నిమిషాలు ఊరికే కూర్చోలేడు. వీడియోలు తీసి నెట్‌లో పెట్టే పిచ్చి. క్యాంపులో బట్టలు ఉతకడం పెట్టాడు, ఖుబ్బూస్ రొట్టెతో పచ్చిపులుసు తినడం పెట్టాడు, కంపెనీ బస్సులో మనుషులు నోళ్ళు తెరుచుకుని నిద్రపోవడం పెట్టాడు. ఎవరూ చూడలేదు. సనాబిస్‌లో పాత సామాన్ అమ్మే దుకాణంలో ఒక గేమ్ డబ్బా కొని, రూములో టీవీకి తగిలించాడు. దానితోపాటు వచ్చిన ఆట ఒకటుంది. ఆటంటే తుపాకులు, కార్లు అనుకునేరు. కాదు, అది కథ. దేశమంతా వరదలో మునిగిపోయింది. ఒక తండ్రి, ఒక చిన్న కూతురు, ఒక పడవ. మునగకుండా మిగిలిన చోటు ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి. పెద్దవాళ్ళు సైతం దాన్ని ఆడి వెక్కివెక్కి ఏడ్చారని, ఆ ఏడుపులను వీడియో తీసి పెట్టారని, వాటిని లక్షలమంది చూశారని లక్ష్మణ్ ముందే చూసి ఉన్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగి స్నానాలయ్యాక ఆట మొదలయ్యేది. అంతా ఇంగ్లీషే. లక్ష్మణ్ ఆడుతూ, తనకు వచ్చినంత అర్థం చెబుతూ, రానిచోట అల్లుతూ, కథ నడిపించేవాడు. పక్క మంచం మీద స్వామి పడుకుని చూసేవాడు. స్వామికి కాస్త ఇంగ్లీషు వచ్చు, స్టోరులో సామాన్ రాసుకునే పని. ముత్తన్న మొదట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆట మొదట్లోనే పిల్లకు పేరు పెట్టమంటుంది. స్వామి ఏదో సినిమా తార పేరు చెప్పాడు. లక్ష్మణ్ పకపక నవ్వాడు. గోడవైపు నుంచి ముత్తన్న గొంతు వినిపించింది.

"జమున అని పెట్టరా."

లక్ష్మణ్ తిరిగి చూశాడు. చూసిన ఆ చూపులో జాలి ఉందని స్వామి తర్వాత చెప్పాడు గానీ, నేను నమ్మను. బట్టల దుకాణంవాడు మంచి గిరాకీ వస్తే చూసే చూపు అది. జమున అని పేరు పెట్టాడు. ముత్తన్న లేచి వచ్చి టీవీ ముందు కింద కూర్చున్నాడు.

ఆ రిమోట్‌లో ఒక బటన్ నొక్కి పట్టుకుంటే తండ్రి చెయ్యి చాపుతాడు, పిల్ల వచ్చి పట్టుకుంటుంది. పట్టుకున్నంతసేపు రిమోట్ అరచేతిలో సన్నగా కొట్టుకుంటుంది, నాడి కొట్టుకున్నట్టు. ముత్తన్నకు ఆ ఒక్క బటన్ చూపించారు. నీళ్ళు లోతైనచోట, చీకటిగా ఉన్నచోట, పిల్ల బెదిరినచోట లక్ష్మణ్ రిమోట్ ఆయన చేతికిచ్చేవాడు. రేకులు కోసి కోసి గట్టిపడ్డ ఆ చేతులకు వేడి తెలియదు, చలి తెలియదు. ఆ కొట్టుకోవడం మాత్రం తెలిసేది. "పట్టుకున్నది, పట్టుకున్నది," అనేవాడు. ఆపద దాటాక కూడా రిమోట్ ఇచ్చేవాడు కాదు. వర్క్‌షాపులో మధ్యాహ్నం అన్నం తింటూ, "ఇయ్యాల ఏడికి పోతరో," అని అడిగేవాడు. అడిగి, తనే సిగ్గుపడేవాడు.

ఒక సాయంత్రం కథలో తిండి అయిపోయింది. ఒక్క రొట్టె ముక్క మిగిలితే తండ్రి దాన్ని పిల్లకిచ్చాడు. పడవ మీద రోజంతా ప్రయాణం. తర్వాత లక్ష్మణ్ ఆటలో తండ్రి సంచి విప్పి చూశాడు. అడుగున, బట్టల కింద, సగం రొట్టె ఉంది. పిల్ల తినకుండా దాచి పెట్టింది. రొట్టెకు పంటిగాట్లున్నాయి.

ముత్తన్న ఏడ్చాడు. వాకిట్లో రాని ఏడుపు, చితి బూడిద దగ్గర రాని ఏడుపు, సల్మాబాద్ క్యాంపులో టీవీ ముందు వచ్చింది. మీసాలు తడిసి, ముక్కు కారి, చూడటానికి ఏమాత్రం బాగుండని ఏడుపు. లక్ష్మణ్ ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. క్యాంపులో ఎవడో ఒకడి చేతిలో ఫోన్ ఎప్పుడూ ఎత్తే ఉంటుంది గనుక, ముత్తన్న పట్టించుకోలేదు.

ఆ వీడియోను జనం చూశారు. బట్టలు ఉతికితే చూడనివాళ్ళు, మీసాల ముసలాయన ఏడిస్తే చూశారు. ఇంకా పెట్టమని అడిగారు. ఆటను చివరిదాకా ఆడినవాడొకడు కింద రాశాడు, డాబా దగ్గర ఈ అంకుల్ ఏం చేస్తాడో చూడాలని ఉంది అని. లక్ష్మణ్‌కు డాబా సంగతి తెలుసు. అక్కడ రెండు మాటలొస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. ఒకటి ఎంచుకుంటే పిల్ల బతుకుతుంది. ఇంకోటి ఎంచుకున్నవాళ్ళే వీడియోల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చారు. ముత్తన్నకు ఏ మాట చదవడం వచ్చో కూడా లక్ష్మణ్‌కు తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, డాబా వచ్చింది. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఒక ఇంటి డాబా, దానిమీద పిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. తండ్రి నుదురు ముట్టుకుని చూస్తున్నాడు. పడవ గోడకు కట్టేసి ఉంది.

"పిల్లకు జరమొచ్చింది కాకా," అన్నాడు లక్ష్మణ్.

ముత్తన్న మోకాళ్ళ మీదికి లేచాడు. రిమోట్ ఆయన చేతిలో పెట్టి లక్ష్మణ్ వెనక్కి జరిగాడు. ఫోన్ అప్పటికే డబ్బాకు ఆనించి పెట్టి ఉంది. టీవీ మీద రెండు మాటలు వెలిగాయి.

ముత్తన్న ముందుకు వంగి చూశాడు. యాంగిల్, వెనక గాడి. "గిది లీవే గదరా?"

"ఔ కాకా, లీవే."

"మరి గా రెండోది?"

"స్టే. అంటె ఏం లేదు కాకా, ఈడనే ఉండుడు."

లక్ష్మణ్ ఒక్క అక్షరం తప్పు చెప్పలేదు. చూశారా, అదీ వాడి తెలివి. అబద్ధమాడినవాడిని రేపు కాలర్ పట్టుకుని అడగొచ్చు. నిజం చెప్పినవాడిని ఏమని అడుగుతారు?

స్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు. "కాకా..." అన్నాడు. లక్ష్మణ్ వేలు పెదవుల మీద పెట్టి కళ్ళెర్రజేశాడు. స్వామి మంచివాడు. మంచివాళ్ళందరూ అలాంటప్పుడు చేసే పనే చేశాడు, నోరు మూసుకున్నాడు.

"ఈడుండుడేంది?" అన్నాడు ముత్తన్న కోపంగా. "బిడ్డకు జరమొస్తే ఎవడన్న ఈడుంటడా?"

యాంగిల్ ఉన్న మాట మీద నొక్కాడు. నొక్కి, టీవీలో పిల్ల మొహంలోకి చూస్తూ, నిండు సంతోషంతో, రూమంతా వినబడేట్టు అన్నాడు. "లీవు దొరికింది బిడ్డా! వస్తున్న!"

తండ్రి లేచాడు. పడవ విప్పాడు. ముత్తన్న తల ఊపుతున్నాడు. పడవ కదిలింది. డాబా మీద పిల్ల మోచేతి మీద లేచి ఏదో పిలిచింది. పడవ ఆగలేదు. పిల్ల చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. ముత్తన్న చెయ్యి పట్టుకునే బటన్ నొక్కాడు. అరచేతిలో ఆ కొట్టుకోవడం ఉంది, కానీ మెల్లగా ఉంది. మళ్ళీ నొక్కాడు. ఇంకా మెల్లగా. ఆ తర్వాత ఆగిపోయింది.

ఆయన రిమోట్ తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఏందిరా, కొట్టుకుంటలేదు. చార్జింగ్ అయిపోయిందా?"

లక్ష్మణ్ ఆపుకోలేకపోయాడు. దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తలుపు దగ్గర తొంగి చూస్తున్న పక్కరూమువాళ్ళు కూడా నవ్వారు. టీవీలో వాన పడింది, నీళ్ళు డాబా అంచు దాటాయి. పడవ తిరిగొచ్చేసరికి అక్కడ నీళ్ళే ఉన్నాయి. నీళ్ళ మీద తెల్లటి అక్షరాలతో జమున అని పేరొచ్చి, కాసేపు ఉండి, పోయింది. ముత్తన్న బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

"ఖలాస్ కాకా," అన్నాడు లక్ష్మణ్. "అయిపోయింది."

"లీవు ఒత్తితి గదరా," అన్నాడు ముత్తన్న. "ఎందుకు పోలే ఇంటికి?"

ఆ ప్రశ్న కూడా వీడియోలోకి వచ్చింది. నవ్వులు కోసేసి, వెనక సన్నగా వేణువు పెట్టి, సాయంత్రానికల్లా లక్ష్మణ్ నెట్‌లోకి ఎక్కించేశాడు. అది గల్ఫ్ మొత్తం తిరిగింది. అక్కడి ఫోన్లలో నుంచి జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల కూడా తిరిగింది. ముత్తన్న దగ్గర ఉన్నది బటన్ల ఫోన్, ఆయనకేమీ తెలియదు. బస్సులో జనం వీపు తట్టి నవ్వుతుంటే, అందరికీ ఏదో మంచి జరిగిందనుకున్నాడు.

తెలిసింది రిఫాలో. అక్కడొక విల్లాలో డక్టు కారుతోందంటే ముత్తన్నను, ఒక మలయాళీ మేస్త్రీని పంపారు. ఇంటావిడ పేరు అనసూయ, కాకినాడ వాళ్ళు, భర్త ఆడిటర్. నిచ్చెన మీదున్న ముత్తన్నను చూసి కాలేజీకి వెళ్ళే వాళ్ళమ్మాయి స్పందన కెవ్వుమంది.

"అమ్మా! లీవు దొరికింది బిడ్డా అంకుల్!"

ముత్తన్న ఉలిక్కిపడి నిచ్చెన పట్టుకున్నాడు. అనసూయ పరుగున వచ్చింది. "అయ్యో, మీరేనా బాబాయ్! దిగండి దిగండి, టీ తాగుదురుగాని. ఎంత ఏడిపించేశారండీ మమ్మల్ని!" ఏమిటో అర్థంకాక నిలబడ్డ మనిషికి స్పందన తన ఫోన్‌లో వీడియో పెట్టి చూపించింది. ముత్తన్న తన మొహాన్ని చూసుకున్నాడు. తన గొంతు విన్నాడు. లీవు దొరికింది బిడ్డా, వస్తున్న.

"అసలు మీరు అదెందుకు నొక్కారంకుల్?" అంది స్పందన.

"లీవమ్మా. ఇంటికి పోవుడు."

తల్లీ కూతుళ్ళు మొహాలు చూసుకున్నారు. "అయ్యయ్యో," అంది స్పందన. "నిజంగానే తెలీదా! అందరూ యాక్టింగ్ అంటున్నారు. లీవ్ అంటే అక్కడ ఆ అర్థం కాదంకుల్. వదిలేసి వెళ్ళిపోవడం. పాపని వదిలేసి వెళ్ళిపోవడం అన్నమాట. మీరు రెండోది నొక్కితే, నాన్న ఆ పాప పక్కనే ఉండిపోతాడు. తెల్లారేసరికి జ్వరం దిగిపోతుంది. అంతే, ఉంటే చాలు."

ముత్తన్న టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

అనసూయ కళ్ళు తుడుచుకుంది. ఆమె దొంగేడుపు ఏడవలేదు, నిజంగానే బాధపడింది. "మీకు పిల్లలున్నారా బాబాయ్?"

"ఒక బిడ్డ."

"ఏం చదువుతోంది?"

"ఏడు."

"బాగా చదివించండి. ఇలాంటివి తెలుస్తాయి," అంది అనసూయ. స్పందన పక్కకొచ్చి ఫోన్ పైకెత్తింది. "అంకుల్, ప్లీజ్, ఒక్కసారి ఆ డైలాగ్ చెప్పరా? మా ఫ్రెండ్స్ నమ్మరు." ముత్తన్నకు పెద్దింటివాళ్ళు అడిగితే కాదనడం చేతకాదు. చెప్పాడు. మొదటిసారి సరిగ్గా రికార్డు కాలేదంటే మళ్ళీ చెప్పాడు.

రూముకొచ్చాక లక్ష్మణ్‌ను కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది. మంచం పక్కన నిలబడి అడిగాడు. "మల్ల మొదటి నుంచి ఆడదామారా? గీపాలి రెండోది ఒత్తుత."

"ఆ డబ్బా సనాబిస్‌ల ఇచ్చేసిన కాకా. కొత్త ఫోన్ తీసుకున్న," అన్నాడు లక్ష్మణ్. "అయినా పిల్ల బతికితే ఎవడు చూస్తడు?"

స్వామి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి శుక్రవారం ముత్తన్న ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు ఎండ గురించి చెప్పదలుచుకోలేదు. ఇన్నాళ్ళూ చెప్పని మాట చెప్పదలుచుకున్నాడు. చిన్నవ్వ ఫోన్ ఎత్తింది. కోడి అరిచింది. గూట్లో పెట్టిన చప్పుడు కాలేదు. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. ఊపిరి వినబడుతోంది. ముత్తన్న ఫోన్ చెవికి గట్టిగా ఒత్తుకున్నాడు.

"చిన్నవ్వా," అన్నాడు. "లీవంటే ఇంటికి పోవుడే అనుకున్ననే. నాకు తెల్వది. ఆనాడు గూడ... లీవు దొరకలే. పిల్ల భయపడతదని దొరికిందన్న. క్యాన్సిల్ మీదన్న రావాల్సుండె. ఊకె పక్కన కూసున్నా..." అవతల ఇంకా ఊపిరి వినబడుతూనే ఉంది. చిన్నవ్వ ఊళ్ళో ఆ వీడియో చూడనివాళ్ళు లేరు. ఆమె ముందు కూడా ఎవరో ఫోన్ పట్టుకుని చూపించారు. ఆమె చివరిదాకా చూసింది.

చిన్నవ్వ మాట్లాడింది. గొంతు ఎత్తలేదు.

"గా టీవీల పిల్లకు గూడ గదే చెప్పినవా?"

ఫోన్ పెట్టేసింది.

ముత్తన్న మెట్ల మీంచి లేచాడు. లోపలికి వచ్చేసరికి లక్ష్మణ్ కొత్త ఫోన్ తుడుచుకుంటున్నాడు. అలవాటుగా అడిగాడు, "ఇయ్యాలన్న మాట్లాడిందా కాకా?"

"మాట్లాడింది."

లక్ష్మణ్ మంచం మీంచి ఒక్క దూకు దూకాడు. "ఓర్నీ! చూసినవా కాకా, నా వీడియో పుణ్యమే!" అని ఆయన భుజాలు పట్టి ఊపాడు. స్వామిని లేపాడు. పక్కరూమువాళ్ళను పిలిచాడు. ఇన్నాళ్ళకు మాట్లాడింది కాబట్టి కాకా అందరికీ చాయ్ పోయించాల్సిందేనని పట్టుబట్టాడు.

ముత్తన్న స్టవ్ వెలిగించి, గిన్నె పెట్టి, అందరికీ సరిపోయేన్ని నీళ్ళు పోశాడు.